తొమ్మిదో నంబరు గది తాళం

నా కోపం గురించి మా స్టేషన్లో ఎవరినడిగినా చెబుతారు, కాబట్టి నేనే ముందు చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నా పేరు బాలమల్లు. లీడింగ్ ఫైర్‌మన్‌ని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మంట దగ్గర నేను మాట్లాడను, అరుస్తాను. అక్కడ మెల్లగా మాట్లాడితే ఎవడికి వినపడుతుంది? ఆ అరుపు డ్యూటీ దిగాక ఇంటికి కూడా వెంట వస్తుందని మా ఆవిడ శోభ అంటుంది. వస్తుంది, కాదనను.

నాకు పూర్తిగా భిన్నం నరసరాజు. వాళ్ల నాన్న కాలంలోనే భీమవరం నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డారు. నలభై అయిదేళ్ల మనిషి, ఫైర్‌మన్, పదకొండేళ్లుగా నా బండి మీదే ఉన్నాడు. ప్రపంచం మునిగిపోతున్నా 'అండీ' అనకుండా మాట పూర్తి చెయ్యడు. ఒకసారి ఒక గోడౌన్లో, "బాలమల్లుగారూ, కొంచెం ఇటు జరుగుతారా, పైకప్పు పడేలా ఉందండీ" అన్నాడు. ఆ 'అండీ' నోట్లో ఉండగానే కప్పు పడనే పడింది. నా హెల్మెట్టు మీద సొట్ట ఇప్పటికీ ఉంది. "వచ్చే జన్మలనన్న నాతోటి తొందరగ మాట్లాడు రాజు" అని ఆయన్ని ఆట పట్టిస్తుంటాను. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

మార్చి నెల, గురువారం. పొద్దున పదకొండున్నరకు కాల్ వచ్చింది. సాతంరాయిలో రేకుల గదుల్లో మంట. బండి ఎక్కుతూనే నేను తిట్టడం మొదలుపెట్టాను, ఎందుకంటే ఆ గదులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఎయిర్‌పోర్టు వచ్చాక ఆ చుట్టుపక్కల జొన్న చేలల్లో గదులు మొలిచాయి. ట్రాలీలు తోసేవాళ్లు, బాత్రూములు కడిగేవాళ్లు, కార్గోలో పెట్టెలు మోసేవాళ్లు, అందరికీ తల దాచుకునేందుకు కిరాయి గదులు కావాలి. ఒక ఓనరు ఉన్న స్థలంలోనే అటు ఏడు, ఇటు ఏడు కట్టి, మధ్యలో నాలుగడుగుల సందు వదులుతాడు. అక్కడ ఏ గదికీ సొంత గోడ ఉండదు, ఒకే గోడ ఇద్దరికి. ఒక గదిలో తాలింపు వేస్తే పద్నాలుగు గదుల్లో తుమ్ముతారు. ఇక నిప్పంటుకుంటే చెప్పాలా?

గల్లీ మొదట్లోనే బండి ఆగిపోయింది. ఎదురుగా మంచినీళ్ల ట్యాంకరు, దాని పక్కన మూడు ఆటోలు, వాటి ముందు ఊరి జనం సగం. అందరి చేతుల్లో ఫోన్లు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇప్పుడు చుట్ట పోయి ఫోను వచ్చింది, అంతే తేడా. మా డ్రైవర్ యాదగిరి హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు.

"ఎయిర్‌పోర్టుల అంత పెద్ద పెద్ద ఫైరింజన్లు ఉన్నయ్ కద సార్, గవి ఎందుకు రాలే?" అని ఒకడు నన్నడిగాడు.

"అవి విమానాలకు. నీకు నేనే దిక్కు. జరుగు!" అన్నాను.

బండిని అక్కడే వదిలి హోసు లాక్కుంటూ పరిగెత్తాం. అయిదు పైపులు ఒకదానికొకటి కలిపితే గానీ గదుల గేటు అందలేదు. బండిలో ఉన్నవి నాలుగున్నర వేల లీటర్లు. పైపు పూర్తిగా వదిలితే పది నిమిషాల్లో అయిపోతాయి. రెండో బండి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందని చెప్పారు.

సందులో చార్జింగు పెట్టిన కరెంటు స్కూటర్ ఒకటి అంటుకుంది. ఎడమ వరసలో మొదటి మూడు గదులు అప్పటికే మండుతున్నాయి. ఆ వరసకు పాత సిమెంటు రేకులు. మంటకు అవి పేలి ముక్కలు చెల్లాచెదురుగా ఎగురుతున్నాయి. కుడి వరసకు నిరుడు వడగళ్ల వాన తర్వాత ఓనరు ఇనప రేకులు వేయించాడు. నల్లటి పొగ సందు నిండా ఉంది. ప్లాస్టిక్కు, పరుపులు, బ్యాటరీ, అన్నీ కలిసిన పొగ. ఒక్కసారి పీలిస్తే గొంతులో కారం కూరినట్టుంటుంది.

పగటిపూట మంటల్లో నాకో పద్ధతి ఉంది. ఇరుకు బస్తీలో ప్రతి గదీ వెతికే టైము ఉండదు, అందుకని తలుపు చూస్తాను. లోపల గడియ ఉంటే మనిషి ఉన్నట్టు, బయట తాళం ఉంటే లేనట్టు. మా స్టేషన్‌కి వచ్చిన ప్రతి కొత్తవాడికీ ఇదే నేర్పాను. దీని వెనుక ఒక కథ కూడా ఉంది. చాలా ఏళ్ల కిందట కాటేదాన్ వైపు ఒక ఇంటి తాళం పగలగొట్టి లోపలికి పోయాను. ఎవరూ లేరు. రెండు రోజుల తర్వాత ఇంటాయన వచ్చి బీరువాలో వెండి పట్టగొలుసులు పోయాయన్నాడు. ఆరు నెలలు పోలీసు స్టేషన్ చుట్టూ తిప్పారు నన్ను. చివరికి ఆ గొలుసులు వాళ్ల మరదలి కాళ్లకే దొరికాయి. తప్పయిందని ఒక్క మాట కూడా అనలేదు మహానుభావుడు. అప్పటి నుంచి తాళం ఉన్న తలుపు జోలికి పోను.

ఆ రోజూ అలాగే తలుపులు చూసుకుంటూ పోయాను. చాలా వరకు బార్లా తెరిచి ఉన్నాయి, ఆడవాళ్లూ పిల్లలూ ముందే బయటపడ్డారు. కుడి వరసలో ఎనిమిది తెరిచి ఉంది. తొమ్మిదో నంబరుకు తాళం. మంచి ఇత్తడి తాళం, పిడికిలంత ఉంది. గేటు దగ్గర నిలబడి వణుకుతున్న ఓనరును కేకేసి అడిగాను.

"తొమ్మిదిల ఎవలుంటరు?"

"జగన్‌ది సార్ అది. మొగుడు పెండ్లాం ఇద్దరు పనికి పోతరు. తాళముంది కద సార్, ఎవ్వలుండరు."

నరసరాజు గొడ్డలి పట్టుకుని ఆ తలుపు ముందు ఆగాడు. "పగలగొట్టనాండీ?"

"తాళం కనబడ్తలేదా రాజు? ఖాళీ రూముల ఎవలున్నరు, మీ అత్తనా? నడువ్! నడువ్! సిలిండర్లు చూడు ముందుగాల!"

ఇద్దరం ముందుకు పోయి నాలుగు గదుల్లోంచి నాలుగు సిలిండర్లు మోసుకొచ్చి గేటు బయట పడేశాం. అది తప్పని ఇప్పటికీ అనను. ఒక్కటి పేలినా ఆ సందులో ఎవడూ మిగలడు.

తిరిగొచ్చి పైపు అందుకున్నాను. ఎడమవైపు రెండో గది మీదకు నీళ్లు కొట్టాలంటే నిలబడటానికి ఒకే చోటు ఉంది, దాని ఎదురుగా. అంటే తొమ్మిదో గది తలుపుకు వీపు ఆనించి. ఇనప తలుపు. కోటు మీద నుంచి కూడా దాని వేడి తెలుస్తోంది. వెనుక నరసరాజు పైపు మోస్తున్నాడు. నీళ్ల హోరు, జనం గోల, రేకుల పేలుడు. వాటి మధ్య దబ్ దబ్‌మని ఇంకో చప్పుడు. విన్నాను. విన్నాననే చెబుతున్నాను. రేకులే అనుకున్నాను. కాసేపు ఆగింది. మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా మెల్లగా.

"బాలమల్లుగారూ, ఆ చప్పుడు ఎదురుగా నుంచి రావట్లేదండీ" అన్నాడు నరసరాజు.

"రేకులు పేలుతున్నయ్ రాజు! పైపు సక్కగ పట్టు!"

"ఎదురు వరసలో పేలాల్సినవన్నీ పేలిపోయాయండీ. చప్పుడు మన వెనక నుంచి వస్తోంది. వెనకవి ఇనప రేకులు. ఇనప రేకు వంగుతుంది గానీ పేలదండీ."

పదకొండేళ్లలో ఆయన చెప్పిన ఒక మాటను చివరి 'అండీ' దాకా నేను విన్నది అదే మొదటిసారి. పైపు ఆయన చేతుల్లో పెట్టి గొడ్డలి లాక్కున్నాను. తాళం పగలలేదు, గొళ్లెం ఊడొచ్చింది. తలుపు తోస్తే జానెడు తెరుచుకుని ఆగిపోయింది. అడ్డంగా మనిషి పడి ఉన్నాడు.

ముప్పై ఏళ్లు కూడా ఉండవు. లుంగీ, బనీను. తలుపు మొదట్లోనే బోర్లా పడి ఉన్నాడు, పక్కనే వంగిపోయిన స్టీలు పళ్లెం. దాంతో కొంతసేపు, అది జారిపోయాక ఉత్త చేతులతోనూ తలుపు బాదాడు. అరచేతుల తోలు ఆ ఇనుముకు అంటుకుపోయింది. ఇంతకన్నా ఎక్కువ చెప్పను. చంకల్లో చేతులేసి లాగి, భుజాన వేసుకుని గేటు బయటికి తెచ్చి పడుకోబెట్టాను. ఊపిరి ఉంది, ఉన్నదా అంటే ఉన్నది.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, చేతులకు పూరీల పిండి అంటుకొని ఉండగానే. హైవే పక్కన టిఫిన్ సెంటర్లో పనిచేస్తుంది. పేరు సునీత అని తర్వాత తెలిసింది. నడుముకు దోపుకున్న తాళంచెవి పట్టుకుని అతని పక్కన కూలబడింది.

"నేనే ఏసిన సార్ తాళం. నేనే ఏసిన. రాత్రంత కార్గోల డ్యూటీ జేసి పొద్దుగాల వచ్చి పండుకుండు. ఎవలన్న తలుపు కొడితె లేస్తడని బయట తాళం పెట్టి పోయిన. ఫోను గుడ నేనే తీస్కపోయిన, మోగుతదని. అయ్యో, నా చేతులు ఇరిగిపోను!"

మా ఇంట్లోనూ జరిగేది అదే. ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేసి పొద్దున ఇంటికి పోతాను. నేను పడుకోగానే శోభ బయట తాళం పెట్టి, చెల్లెలింటికో కూరగాయలకో పోతుంది. తలుపుకు తాళం ఉంటే చీటీపాట ఆమె రాదు, పక్కింటి పిల్లలు బెల్లు కొట్టరు, నా నిద్ర చెడదు. ఈ చుట్టుపక్కల రాత్రి డ్యూటీ మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే రివాజు. నిన్న కూడా నేను అలాగే తాళం వెనుక పడుకున్నాను. అయినా పొద్దున ఆ తలుపు చూసి, లోపల ఎవరూ లేరన్నాను. నాకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

నూట ఎనిమిది బండి వచ్చి అతన్ని తీసుకుపోయింది. రెండో ఫైరింజను వచ్చింది. రెండు గంటలకు మంట ఆరిపోయింది. ఆరు గదులు పోయాయి, మనుషులెవరూ పోలేదు. తొమ్మిదో నంబరుకు కాలింది తలుపు రంగూ, కిటికీ లాంటి కన్నంలోని అట్టముక్కా మాత్రమే. మనిషిని చంపబోయింది పొగ.

మర్నాడు రిపోర్టు రాశాను. "తాళం చూసి గది ఖాళీ అని నిర్ణయించినది నేనే. నరసరాజు అడిగినా వద్దన్నాను. ఆలస్యం ఏడు నిమిషాలు" అని రాశాను. మా ఆఫీసరు చదివి, "ఇంత రాయాలా బాలమల్లూ?" అన్నాడు. రాయాలన్నాను. మెమో ఇస్తారు, ఇవ్వనీ. కానీ చప్పుడు విన్నానని మాత్రం రాయలేదు. పెన్ను అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. తాళం చూసి మోసపోవడం ఒక ఎత్తు. మనిషి వీపు వెనుక తలుపు కొడుతుంటే నిలబడటం ఇంకో ఎత్తు.

ఇంటికి పోయి శోభ మీద అరిచాను, ఇంకోసారి తాళం వేస్తే ఊరుకోనని. ఆమె గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది.

"తాళం ఎయ్యకుంటె ఎవడన్న వచ్చి నిన్ను లేపుతడు. నువ్వు లేస్తె నా మీదనే కద అరిచేది? నీ నోటికి భయపడి ఏస్తున్న తాళం, నీ మీద ప్రేమెక్కువై కాదు."

నోరు మూసుకుని అన్నం తిన్నాను.

అయిదో రోజు నరసరాజు దవాఖానకు పోయి వచ్చాడు. పండ్లు తీసుకుపోయాడట. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మనిషికి గండం గడిచిందండీ. చేతులే, ఇంకా చాలా రోజులు పడుతుందట. కానీ ఆ అమ్మాయి..."

"ఏమైంది?"

"వార్డు బయట బెంచీ మీదే ఉందండీ అయిదు రోజులుగా. లోపలికి వెళ్లడం లేదు. అత్తగారు ఊరి నుంచి వచ్చి కూర్చున్నారు. వచ్చినవాళ్లందరికీ, నా కొడుకును లోపలేసి తాళం పెట్టి పోయింది అని చెబుతున్నారు. ఈ అమ్మాయి ఎదురు చెప్పడం లేదు. అవును, నేనే పెట్టిన అంటోంది. అన్నం కూడా సరిగ్గా తినడం లేదటండీ."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి డ్యూటీ దిగి ఇంటికి పోలేదు. యూనిఫాంతోనే బస్సెక్కి పట్నంలో దవాఖానకు పోయాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. చప్పుడు విన్నానని జగన్‌కే చెప్పేస్తాను, వాళ్లమ్మకు చెబుతాను, భార్యకు చెబుతాను. ఆ తర్వాత ఎవరు ఏమన్నా పడతాను. ఆ పిల్ల మీద నుంచి మాట పోతుంది, నా గుండె మీద నుంచి రాయి పోతుంది.

వార్డు గుమ్మం ముందు ముసలామె కూర్చుని ఉంది. దుర్గవ్వ, జగన్ తల్లి. నా ఖాకీ చూసి పోలీసనుకుంది.

"రాయి సారూ, రాస్కో. గా పోరే తాళం పెట్టింది. నా కొడుకును కోడి లెక్క గంప కింద పెట్టి పోయింది."

నా కోపం సంగతి తెలుసు కదా, అక్కడే లేచింది.

"అవ్వా, నేను పోలీసును కాదు. మంటలార్పెటోణ్ణి. తాళం పెట్టింది నీ కోడలు, మొగడు జర నిద్రపోవాలని. నా పెండ్లాం గుడ నాకు గట్లనే పెడ్తది. గా తాళం చూసి నీ కొడుకును ఇడిసిపెట్టి పోయింది నేను. తిట్టాలనుకుంటె నన్ను తిట్టు, కడుపు నిండ తిట్టు. పిల్లను ఇంకో మాటన్నవంటె బాగుండదు!"

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకప్పుడు సిగ్గేసింది, పెద్దామె మీద అరిచినందుకు. అరవడం మాత్రం ఎప్పుడూ ముందే అయిపోతుంది.

సునీత వసారాకు అటు చివర బెంచీ మీద ఉంది. ఒడిలో టిఫిన్ డబ్బా. వసారా నిండా జనం గోల, మా మాటలు ఆమెకు అర్థమయ్యేంత దగ్గర కాదు. నేను నేరుగా వార్డులోకి పోయాను.

జగన్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. గొంతు పొగకు బొంగురుపోయింది. నేను మంచం పక్కన నిలబడి, "తమ్మీ, ఆ రోజు వచ్చిన ఫైరోణ్ణి నేను. నీకొక ముచ్చట చెప్పాలె" అన్నాను.

అతను కళ్లు మూసుకుని తెరిచాడు. "మీరే కద సార్, నడువ్ నడువ్ అన్నది?"

స్టూలు లాక్కుని అతని దిండుకు దగ్గరగా కూర్చున్నాను.

"గొంతు గుర్తుపట్టిన" అన్నాడు. ఒక్కో మాటకు ఆగుతున్నాడు. "పొగకు లేసిన. అరుద్దామంటె గొంతు రాలే. తలుపు కాడికొచ్చిన. మీ బూట్ల చప్పుడు ఇన్న. ఇగ బతికిననుకున్న సార్, మస్తు సంబురమైంది. తాళం అన్నరు. పోయిండ్రు."

"మళ్ల వచ్చిన తమ్మీ. నీ తలుపుకు వీపు పెట్టి నిలవడ్డ. నువ్వు కొట్టుడు ఇన్న. రేకులనుకున్న. మా రాజన్న చెప్పకుంటె నువ్వు..." యాభై మూడేళ్లొచ్చాయి, పది మంది రోగుల ముందు కూర్చుని ఏడ్చాను. "ఈ ముచ్చట నీ పెండ్లానికి, మీ అమ్మకు చెప్పనీకి వచ్చిన. తప్పు నాది, పిల్లది కాదు."

జగన్ కంగారుగా ముందుకు వంగాడు. కట్లు కట్టిన చెయ్యి నా మోకాలి మీద పెట్టబోయి, నొప్పికి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు సార్. దండం పెడ్త. ఆ ముచ్చట సునీతకు చెప్పకుండ్రి."

"ఎందుకు?"

"నిద్రల్నే సోయి తప్పింది, నాకేం యాది లేదని అందరికి చెప్పిన. తాళం ఎయ్యమన్నది నేనే. ఫోను తీస్కపొమ్మన్నది గుడ నేనే. అమ్మకు ఎంత చెప్పినా ఇంటలేదు. సునీతకు నేను పండుకుంటె పొగ తగిలిందని తెలిస్తె ఎట్లనో అట్ల తేరుకుంటది. మెలకువల ఉండి తలుపు కొట్టిన, అది పెట్టిన తాళం ఎన్క నుంచి కొట్టిన అని తెలిస్తె అది బతకది సార్. నా మొకం చూస్తలేదు ఇప్పటికే."

చెప్పుకుని బరువు దించుకుందామని వచ్చాను. ఇతను ఆ మూటను లేపి మళ్లీ నా నెత్తి మీదే పెట్టాడు. నరసరాజు గురించి భయం లేదు, ఆయన అడగంది చెప్పడు. ఇక మిగిలింది నా నోరు ఒక్కటే. ఇరవై ఆరేళ్లుగా ఏ మాటా దాచుకోవడం రాని నోరు.

"ఒక్కటే సార్" అన్నాడు జగన్, తన కట్ల వైపు చూసుకుంటూ. "పండుకున్నోని చేతులు ఎట్ల కాలినయని అడుగుతది. దానికి నా తాన జవాబు లేదు."

వార్డులోంచి బయటికొచ్చేసరికి సునీత బెంచీ మీద నుంచి లేచి నా కోసమే నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. మనిషి సగమైంది. కళ్ల కింద నలుపు.

"సార్, నిజం చెప్పుండ్రి. మీ పిల్లల మీద ఒట్టు. మీరు లోపలికి పోంగ ఆయన ఏడున్నడు?"

పిల్లల మీద ఒట్టు అంది. నాకిద్దరు కూతుళ్లు. అయినా చెప్పాను.

"చాప మీద బిడ్డా. గోడ దిక్కు మల్లి పండుకున్నడు. మంచి నిద్రల్నే పొగ పట్టింది."

"తలుపు కొట్టలేదా?"

"కొడితె నేను ఇననా? ఆడనే నిలవడ్డ కద."

ఆమె నా మొహాన్ని అలాగే చూసింది. తర్వాత అడగనే అడిగింది.

"మరి చేతులెట్ల కాలినయ్?"

వార్డు మంచం నుంచి ఈ బెంచీ దాకా వంద అడుగులు కూడా ఉండవు. ఆ వంద అడుగుల్లో దొరికిన జవాబు ఒక్కటే.

"అది మేమే కాల్చినం బిడ్డా. మోసుకొచ్చెటప్పుడు తలుపు కాడ జారిండు. ఇనప తలుపు, నిప్పు లెక్క ఉండె. చేతులు దానికి ఆనినయ్. మేము చూస్కోలే. తొందరల ఉండె."

కాసేపు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మారిపోయింది. అయిదు రోజులుగా తన మీదే పెట్టుకున్న కోపమంతా లేచి నా మీదకు వచ్చింది.

"చూస్కోలేదా? రెండు చేతులు సార్! రెండు చేతులు ఆనేదాక చూస్కోలేదా? బస్తా అనుకున్నరా మనిషంటె? ఆయన చేతులతోనే బతుకుతం మేము, పెట్టెలు మోస్తెనే మాకు బువ్వ. కండ్లు ఏడ పెట్టిండ్రు? గింత పెద్ద మనిషివి, గన్నేండ్ల నౌకరి, గింత మాత్రం తెల్వదా? మీ ఇంట్ల మనిషైతె గిట్లనే ఈడ్సుకొస్తురా?"

వసారాలో వాళ్లంతా మా వైపు తిరిగారు. ఒక నర్సు వచ్చి, "ఏందమ్మా గొడవ" అంది. సునీత ఆగలేదు. ఇంకా చాలా అంది, కొన్ని ఇక్కడ రాయలేను. మా ఆఫీసర్లు కూడా నన్ను అంత మాట అనలేదు. ఇంకోచోటైతే ఈపాటికి కప్పు లేచిపోయేలా అరిచేవాణ్ని. తలవంచుకుని ప్రతి మాటకూ, "అవును బిడ్డా, తప్పయింది" అన్నాను.

తిట్టీ తిట్టీ ఆయాసపడి ఆగింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. బెంచీ మీద టిఫిన్ డబ్బా తీసుకుంది.

"చేతులు లేకుంట ఎట్ల తింటడు, పొద్దటి నుంచి ఎవలన్న తినిపిచ్చిండ్రో లేదో" అని తనలో తనే అనుకుంటూ, గుమ్మంలో కూర్చున్న అత్తను, "జర జరుగత్తా" అని పక్కకు జరిపి, వార్డులోకి నడిచింది. ముసలామె కాళ్లు ముడుచుకుని దారిచ్చింది.